విప్పి చూసిన మనిషి – జి.డి. నాయుడు

మన బడి వర్క్‌షాపు షెడ్డులో ఓ మూలన చిన్న గో-కార్టు ఒకటి ఉంది. ఇనుప పైపుల చట్రం, నాలుగు చిన్న చక్రాలు, వెనకాల ఒక చిన్న పెట్రోలు ఇంజను. పై తరగతి పిల్లలు ఎంతో ఇష్టపడి తయారుచేసుకున్నది. వానాకాలమంతా మూలన పడి ఉన్న ఆ బండిని మళ్ళీ బయటికి తీస్తే రెండు జబ్బులు కనిపించాయి. యాక్సిలరేటరు మీద కాలు తీస్తే చాలు, ఇంజను స్లోలో నిలబడకుండా ఆగిపోతోంది. ఆగిపోకుండా ఉండాలని స్క్రూ తిప్పి ఐడ్లింగ్ పెంచితే, ఎవరూ తొక్కకుండానే బండి తనంతట తాను ముందుకు పాకుతోంది.

పిల్లలు వెంటనే తీర్మానం చేసేశారు. కార్బొరేటరు పోయింది, క్లచ్ కూడా పోయింది, రెండూ కొత్తవి తెప్పించాలి అని. ఇది శ్రీవిజయపురం. నిన్నమొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలుచుకున్న ఊరు. ఇక్కడ కొన్ని సామాన్లు కావాలంటే చెన్నై నుంచో, విశాఖపట్నం నుంచో, కోల్‌కతా నుంచో ఓడ రావాలి. చెన్నై నుంచి ఓడ ప్రయాణమే దాదాపు మూడు రోజులు. ఆ ఓడ ఎప్పుడు బయలుదేరుతుందో, అందులో మన పార్సిలు ఎక్కుతుందో లేదో వేరే సంగతి.

నేను తెలుగు చెప్పేవాణ్ణి. ఇంజన్ల గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ ఆ సాయంత్రం వాళ్ళ పక్కన కూర్చుని, వంద సంవత్సరాల క్రితం సరిగ్గా ఇలాంటి చోటే కూర్చున్న ఒక తెలుగు కుర్రవాడి కథ చెప్పాను. ఆ కథే మన పత్రిక కోసం ఇక్కడ రాస్తున్నాను.

కలంగల్ కుర్రవాడు

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. తమిళనాడులోని ఆ కొంగు ప్రాంతంలో వందల ఏళ్ళ క్రితమే వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడే మన అండమాన్ పిల్లలకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

చిన్నతనంలోనే తల్లి పోయింది. బడి ఆయనకు పడలేదు. ప్రాథమిక తరగతులతోనే చదువు ఆగిపోయింది. ఉపాధ్యాయుడిగా ఈ మాట రాయడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా. దీని గురించి చివర్లో మళ్ళీ మాట్లాడుకుందాం.

ఒకరోజు ఆ ఊరి దారిలో లాంకషైర్ అనే బ్రిటిష్ రెవెన్యూ అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన రడ్జ్ బండి అది. ఎద్దు లేదు, గుర్రం లేదు, తొక్కడం లేదు, అయినా పరుగెడుతోంది. పొలం పనులు చూసుకుంటున్న కుర్రవాడు దాన్ని చూసి అక్కడే నిలబడిపోయాడు. అలాంటి బండి ఎక్కి తిరగాలని అందరికీ అనిపిస్తుంది. నాయుడు గారికి మాత్రం దాని లోపల ఏముందో చూడాలనిపించింది.

చూడాలంటే ముందు అది తనది కావాలి. కోయంబత్తూరు చేరి, ఒక హోటల్లో సర్వరుగా కుదిరారు. కప్పులు అందిస్తూ, బల్లలు తుడుస్తూ మూడేళ్ళ పాటు రూపాయి రూపాయి కూడబెట్టారు. చివరికి 300 రూపాయలు పెట్టి ఆ అధికారి బండినే కొన్నారని చెబుతారు. కొన్నాక ఊరంతా తిరిగి చూపించుకోలేదు. విప్పడం మొదలుపెట్టారు. మొత్తం భాగాలుగా విడదీసి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పి, దాని గుట్టు తెలుసుకున్నారు. దగ్గర గురువు లేడు, ఆయన చేతికందే పుస్తకమూ లేదు. ఆ విప్పడమే ఆయన చదువు. తర్వాత కొంతకాలం మెకానిక్కుగా బతికారు.

ఆ కాలపు మోటారు సైకిళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. ఒక్కటే సిలిండరు. నిప్పురవ్వ ఇవ్వడానికి మాగ్నెటో. చాలా బళ్ళలో వెనక చక్రాన్ని తిప్పేది బెల్టు. కార్బొరేటరుకు రెండు మీటలు ఉండేవి. ఒకటి లోపలికి వెళ్ళే గాలి కోసం, రెండోది ఇంజనుకు అందే పెట్రోలు, గాలి మిశ్రమం కోసం. నడిపేవాడు చెవి ఒగ్గి ఇంజను చప్పుడు వింటూ, ఆ రెంటినీ చేత్తో సరిచేసుకుంటూ ఉండాలి. ఈ రోజు మనం ఒక స్క్రూతో సరిపెట్టే ఐడ్లింగ్‌ను అప్పటివాళ్ళు ప్రతి మలుపు దగ్గరా తామే కాచుకోవలసి వచ్చేది. అందుకే అలాంటి బండి మీద పని నేర్చినవాడికి చెవే మొదటి పనిముట్టు.

ఒక్క బస్సుతో మొదలు

మెకానిక్కు పని తర్వాత నాయుడు గారు పత్తి వ్యాపారంలోకి దిగారు. తిరుప్పూరులో సంపాదించారు. బొంబాయి వెళ్ళి పోగొట్టుకున్నారు. మళ్ళీ చేతులు ఖాళీ. అప్పుడు కోయంబత్తూరులో పేరున్న పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ ఆయన పనితనం గుర్తించి, బస్సు కొనుక్కోవడానికి ఆసరా ఇచ్చారు. 1920లో పొల్లాచి, పళని ఊళ్ళ మధ్య ఆ ఒక్క బస్సు తిరగడం మొదలైంది. పళని మురుగన్ గుడికి వెళ్ళే యాత్రికులకు అది పెద్ద సౌకర్యం. మొదట్లో డ్రైవరూ ఆయనే, మరమ్మతు చేసేదీ ఆయనే.

ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. జనం నోట యు.ఎం.ఎస్. 1933 నాటికి దానికి 280 బస్సులు ఉండేవంటారు. దేశంలోనే చక్కగా నడిచే బస్సు సంస్థల్లో ఒకటని పేరు వచ్చింది.

మోటారు సైకిలు దారిలో ఆగితే ఒక్కడు నడిచి ఇంటికి పోతాడు. బస్సు ఆగితే ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, సంతకు సరుకు తీసుకెళ్ళేవాళ్ళు అందరూ ఎండలో నిలబడాలి. కాబట్టి బస్సులు నడిపేవాడు చెడిపోయాక బాగుచేయడం ఒక్కటే నేర్చుకుంటే సరిపోదు. చెడిపోబోయే ముందు అది ఇచ్చే సూచన కనిపెట్టాలి. చప్పుడు మారడం, వాసన రావడం, అదురు పుట్టడం, ఇవే ఆ సూచనలు. మోటారు వాహనాల్లో అదురును పరీక్షించే సాధనం ఒకటి నాయుడు గారు తయారుచేసిన పరికరాల్లో ఉందని చెబుతారు. చెవితో మొదలైన విద్య కొలతగా మారిందన్న మాట.

బస్సుల ప్రస్తావన వచ్చింది కాబట్టి క్లచ్ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవచ్చు. ఇంజను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చక్రం ఒకసారి తిరగాలి, ఒకసారి ఆగాలి. ఈ ఇద్దరినీ కలపడానికీ విడదీయడానికీ మధ్యన ఉండే మధ్యవర్తి క్లచ్. బస్సులో డ్రైవరు ఎడమ కాలితో దాన్ని నొక్కి విడదీస్తాడు, వదిలి కలుపుతాడు. పూర్తిగా వదలకుండా కాలు దాని మీదే ఆనించి నడిపే అలవాటుంటే ప్లేట్లు సగం పట్టీ సగం జారీ వేడెక్కి మాడిపోతాయి. ఇంజను గట్టిగా అరుస్తుంది కానీ బండి ఎత్తు ఎక్కదు. మాడిన వాసన వస్తుంది. గో-కార్టులో ఎడమ కాలికి క్లచ్ పని లేదు. అందులో ఉండేది ఇంజను వేగాన్ని బట్టి తనంతట తాను పట్టుకునే క్లచ్. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు స్ప్రింగులు దాని షూలను లోపలికి లాగి ఉంచుతాయి. వేగం పెరిగాక షూలు బయటికి విసురుగా జరిగి చుట్టూ ఉన్న డ్రమ్మును పట్టుకుంటాయి. చిన్న కార్టుల్లో చాలా వాటికి ఈ పట్టు నిమిషానికి సుమారు 2000 చుట్ల దగ్గర మొదలవుతుంది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. మన షెడ్డులోని బండి దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

రేజరు నుంచి కారు దాకా

బస్సులు సంపాదించి పెట్టిన డబ్బుతో నాయుడు గారు యూరపు, అమెరికా తిరిగారు. ఫ్యాక్టరీలు చూశారు. కెమెరా పట్టుకుని కనిపించినదల్లా తీశారు. 1936లో లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా ఫిల్ము తీశారు. బ్యాటరీతో నడిచే చిన్న మోటారు పెట్టి గడ్డం గీసుకునే రేజరు తయారుచేశారు. రసంత్ అనే పేరుతో అది జర్మనీలో తయారైంది. పల్చటి బ్లేడు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి వీల్లేని ఓటు యంత్రం, ఇలా ఆయన చేసినవాటి జాబితా పొడుగైనది. వ్యవసాయంలోనూ చేయి పెట్టి పత్తి, బొప్పాయి మొక్కల మీద ప్రయోగాలు చేశారు.

వీటన్నిటికన్నా పెద్ద పని 1937లో జరిగింది. డి. బాలసుందరం నాయుడుతో కలిసి, మన దేశంలోనే తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారును ఆ ఏడు బయటికి తెచ్చారు. అంతవరకూ మోటారంటే ఓడ మీద రావలసిందే. ఓడ కోసం ఎదురుచూడడమంటే ఏమిటో మన దీవుల్లో ఉన్నవాళ్ళకు వేరే చెప్పాలా? ఆ మోటారు వల్ల కోయంబత్తూరు చుట్టుపక్కల బావుల మీద పంపులు, మిల్లుల్లో యంత్రాలు నడవడానికి దారి పడింది. నేడు దేశంలో మోటార్లకూ పంపులకూ ఆ ఊరి పేరే ముందు చెబుతాం. దాని వెనక ఆ మొదటి మోటారు ఉంది.

1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు. రేడియో అంటే డబ్బున్నవారి ఇంటి వస్తువుగా ఉన్న రోజులవి. 1952లో ఇద్దరు కూర్చోగల పెట్రోలు కారు తయారుచేశారు. ధర 2000 రూపాయలు. సామాన్యుడికి అందే కారు అది.

బాగుపడని లోపాలు

కానీ ఆ కారు రోడ్ల మీదికి రాలేదు. తయారీకి ప్రభుత్వ లైసెన్సు దొరకలేదు. కారు ఇంజనులో లోపం ఉంటే ఆయన విప్పి చూసేవారే. లోపం యంత్రంలో లేదు. ఆయన చేతిలో ఉన్న పానలు ఏవీ దానికి పట్టేవి కావు.

ఓటమి ఆయనకు కొత్తది కాదు. 1936 నాటి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. పన్నుల మీదా, కొత్త వస్తువులు చేసేవాడికి అడ్డుపడే నిబంధనల మీదా ఆయనకు కోపం ఉండేది. 1950ల్లో ఒకసారి జనం చూస్తుండగా తాను తయారుచేసిన రేడియోలను, ఇతర వస్తువులను తానే పగలగొట్టి నిరసన తెలిపారు. జీవితమంతా విప్పినదాన్ని మళ్ళీ బిగించిన మనిషి, ఆ రోజు మాత్రం బిగించడానికి వీల్లేకుండా పగలగొట్టారు. ఆయన చేసింది సరైనదేనా అని మీరు అడగవచ్చు. నాకూ పూర్తిగా సరైనదనిపించదు. కానీ తన చేత్తో చేసిన వస్తువు మీద సుత్తి ఎత్తడానికి ఒక మనిషికి ఎంత బాధ కలిగి ఉండాలో ఊహించగలను. గొప్పవాళ్ళ జీవితాల్లో ఇలాంటి రోజులు దాచిపెట్టి చెబితే మీకు సగం మనిషే కనిపిస్తాడు.

బడి మానేసిన మనిషి కట్టిన బడి

ఇప్పుడు నేను వాయిదా వేసిన సంగతికి వస్తాను. బడి మానేసిన ఆ కుర్రవాడే పెద్దయ్యాక బడి కట్టాడు. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద కోయంబత్తూరులో పాలిటెక్నిక్, దాని వెంట 1945లో ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. వాటి వెనక ఉన్నది నాయుడు గారి పట్టుదల, వితరణ. ఆ కళాశాలే ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ.

నాలుగేళ్ళ పాటు తరగతి గదిలో కూర్చోబెట్టడం కాలం వృథా అని ఆయన అభిప్రాయం. తక్కువ కాలంలో చేత్తో పని నేర్పాలన్నది ఆయన పట్టు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. ఇందులో ఎవరిది ఒప్పో తేల్చే అర్హత నాకు లేదు. మీలో ఎవరైనా ఈ కథ విని బడి మానేస్తే బాగుంటుందని అనుకుంటే మాత్రం ఒక లెక్క చెబుతాను. ఆయన బడి మానేశాక హోటల్లో మూడేళ్ళు పనిచేసి కొన్నది ఒక్క మోటారు సైకిలు, అంటే విప్పి చూసుకోవడానికి ఒక్క యంత్రం. ఈ షెడ్డులో మీకు యంత్రం ఉంది, పనిముట్లు ఉన్నాయి, ఫిజిక్సు చెప్పే టీచరు పక్క గదిలో ఉన్నారు. ఆయన మూడేళ్ళు కష్టపడి కొనుక్కున్నది మీకు బడే ఇస్తోంది. దాన్ని వాడుకోవడమే మిగిలింది.

1974 జనవరి 4న జి.డి. నాయుడు గారు కన్నుమూశారు. భారతదేశపు ఎడిసన్ అన్న పేరు అప్పటికే స్థిరపడింది. కోయంబత్తూరులో ఆయన పేరుతో ఉన్న మ్యూజియంలో ఆయన చేసిన వస్తువులు చూడవచ్చు. పాతకాలపు కార్ల ప్రదర్శనశాల కూడా అక్కడే ఉంది. అదే ఊరి శివార్లలో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. దేశం నలుమూలల నుంచీ రేసు కార్లు నడిపేవాళ్ళు వచ్చే చోటు అది.

మళ్ళీ మన షెడ్డులోకి

గో-కార్టు పుట్టినది 1956లో, అమెరికాలోని కాలిఫోర్నియాలో. ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసు కార్ల పనివాడు వెస్ట్ బెండ్ కంపెనీ చిన్న ఇంజను ఒకటి తీసుకుని పైపుల చట్రానికి బిగించాడు. దగ్గర ఉన్నదాన్ని విప్పి, ఇంకోలా బిగించడమే అది కూడా.

కథ అయ్యాక పిల్లలు ఆర్డరు కాగితం పక్కన పెట్టారు. కొనే ముందు విప్పి చూద్దామన్నారు. ముందు జాగ్రత్తలు తీసుకున్నాం. ఇంజను చల్లారనిచ్చి, ప్లగ్గు వైరు తీసేసి, వెనక చక్రాలు నేలకు తగలకుండా స్టాండు మీద ఎత్తి, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, వర్క్‌షాపు సార్ దగ్గరుండగా మొదలుపెట్టారు.

వరుసగా చూశారు. ట్యాంకు మూతలో గాలి పోయే రంధ్రం బాగానే ఉంది. ప్లగ్గు తీసి తుడిచి బిగించారు. నిప్పురవ్వ వస్తోంది. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగానే ఉంది. కార్బొరేటరును ఇంజనుకు కలిపే చోట గ్యాస్కెట్ చినగలేదు, అక్కడ దొంగగాలి దూరడం లేదు. ఇక మిగిలింది కార్బొరేటరు లోపలి భాగం. ట్యాంకులో నెలల తరబడి ఉండిపోయిన పెట్రోలు గిన్నె అడుగున బంకలా పేరుకుంది. ఇంజను స్లోలో ఉన్నప్పుడు దానికి పెట్రోలు అందేది పైలట్ జెట్ అనే అతి సన్నని రంధ్రం గుండానే. వెలుతురుకు పెట్టి చూస్తే ఆ రంధ్రంలోంచి వెలుగు రాలేదు. పెద్ద జెట్ తెరిచే ఉంది. అందుకే తొక్కితే ఇంజను పరుగెత్తేది, వదిలితే చచ్చిపోయేది.

రంధ్రం పెద్దది కాకుండా, సూది గుచ్చకుండా, క్లీనరు పోసి గాలి కొట్టి శుభ్రం చేశారు. పాత పెట్రోలు తీసి కొత్తది పోశారు. బిగించి, చక్రాలు ఎత్తి ఉంచే స్టార్టు చేశారు. ఇంజను నిలబడింది. అప్పుడు ఇదివరకు పైకి తిప్పిన ఐడ్లింగ్ స్క్రూను మెల్లగా వెనక్కి తిప్పుతూ వచ్చారు. చప్పుడు నెమ్మదించింది. వెనక చక్రాలు తిరగడం ఆగిపోయింది.

క్లచ్‌కు అసలు జబ్బే లేదు. జెట్ మూసుకుపోయినందుకు ఇంజను ఆగుతుంటే మనం స్క్రూ తిప్పి వేగం పెంచాం. ఆ వేగం 2000 చుట్లు దాటగానే క్లచ్ తన ధర్మం తాను చేసింది, డ్రమ్మును పట్టుకుంది. మొదటి జబ్బుకు మనం చేసిన వైద్యమే రెండో జబ్బు. ఆ రోజు ఆర్డరు పెట్టి ఉంటే, బాగున్న క్లచ్‌ను తీసి పారేసి, ఓడ కోసం కాచుకుని, కొత్త క్లచ్ వేసినా బండి అలాగే పాకుతుండేది.

బదిలీల ఉద్యోగంలో ఎన్నో ఊళ్ళు తిరిగాను. పక్క వీధిలో స్పేర్‌పార్టుల దుకాణం ఉన్న ఊళ్ళో ఏ వస్తువు చెడినా కొత్తది కొనేయడం నాకూ అలవాటే. ఇక్కడ ఓడ ఆలస్యం కావడం వల్ల ఆ అలవాటు కొంచెం మారింది. కలంగల్ దారిలో నిలబడిపోయిన కుర్రవాడికీ దుకాణం దగ్గర లేదు.

ఆ సాయంత్రం మైదానంలో పిల్లలు వంతులవారీగా కార్టు నడిపారు. చివరి వంతు అయ్యాక ఎవరూ చెప్పకుండానే ట్యాంకులోని పెట్రోలు ఖాళీ చేసి, కార్బొరేటరు గిన్నె ఆరబెట్టి, బండిని గోనె కప్పి మూలన పెట్టారు. వచ్చే వానాకాలం గడిచాక దాన్ని బయటికి తీసినప్పుడు ఆ పని ఎంత మంచిదో వాళ్ళకే తెలుస్తుంది.